హాయ్ గారి ‘యా’, మా పిన్ని ‘మళ్ళీ వత్తాం’

రెండువేల ఆరో సంవత్సరం. కాశీబుగ్గలో మా దమయంతి పిన్ని నడిపే చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీలో నేను గ్రేడింగ్ మాస్టర్‌ని. గ్రేడింగ్ అంటే పప్పుని సైజునీ రంగునీ బట్టి రకాలుగా విడదీయడం. టూ ఫార్టీ అంటే పౌనుకి రెండువందల నలభై తూగే పెద్ద పప్పు, త్రీ ట్వంటీ అంటే అంతకంటే చిన్నది. ఆ తర్వాత బద్దలు, ముక్కలు, నూక. నాకు కళ్ళకి గంతలు కట్టి గుప్పెట్లో జీడిపిక్కలు పోస్తే అవి ఏ తోటవో చెప్పేస్తాను. అక్కుపల్లి వైపు తోటవైతే ఉప్పుగాలి వాసన వస్తుంది. మందస కొండ కింద తోటవైతే ఎలుగుబంటి వాసన వస్తుంది. నమ్మనివాళ్ళు నమ్మకపోయినా ఈ వ్యాసానికి నష్టమేమీ లేదు, ముందుకి చదవండి.

అప్పటికి మాది పాతకాలం బట్టీ. జీడిపిక్కల్ని ఇనప డ్రమ్ములో వేయించి కింద పోస్తే, ఆడవాళ్ళు వరసగా నేలమీద కూర్చుని చెక్క సుత్తితో ఒక్కొక్క పిక్కా కొట్టి పప్పు తీసేవారు. తొక్కలో ఉండే జీడి, అంటే ఆ ఘాటు నూనె, చేతికి అంటితే బొబ్బలెక్కుతుంది. అందుకని చేతులకి బూడిద రాసుకునేవారు. బూడిద ఎంత ఆపుతుంది? ఆ వరసలో మొదట కూర్చునే మనిషి ఎర్రమ్మ. ఫ్యాక్టరీ పెట్టిన రోజు నుంచీ ఉంది. ఆ ఏడాది ఒకరోజు చేతులు చూపించి పిన్నితో చెప్పేసింది.

“వచ్చే సీజన్‌కి నాను రానమ్మా. సేతులు ఆగట్నేదు. పక్క వీధిలో పేక్టరీకి మిసన్లొచ్చినాయంట, మా కోడలు అక్కడికి రమ్మంతంది.”

ఎర్రమ్మ లేస్తే ఆ వరసంతా ఆమె వెనక లేచిపోతుంది. వరస లేచిపోతే ఫ్యాక్టరీకి తాళమే. ఆ సంగతి పిన్నికీ తెలుసు, నాకూ తెలుసు, డ్రమ్ము కింద నిప్పుకి కూడా తెలుసు.

మిషన్లు కొనొచ్చు కదా అంటారేమో. కొత్త పద్ధతిలో పిక్కని వేయించరు, ఆవిరితో ఉడకబెడతారు. దాన్ని స్టీమింగ్ అంటారు. ఆ తర్వాత కట్టింగ్ మిషన్. కాలితో పెడల్ తొక్కితే రెండు బ్లేడ్ల మధ్య తొక్క చీలి పప్పు బయటికొస్తుంది, చేతికి జీడి అంటదు. కానీ మాకు తెలిసిన మిషన్లన్నీ పెద్ద పిక్కకి చేసినవి. మా ఉద్దానం ప్రాంతంలో కాసే పిక్క చిన్నది. పెద్ద బ్లేడులో చిన్న పిక్క పెడితే పప్పు ముక్కలైపోతుంది. వైజాగ్‌లో ఒక డీలరు, ఈ మిషన్లు తయారయ్యేది వియత్నాంలో, కేటలాగు ఇస్తాను చూసుకోండి అన్నాడు.

“పెళ్ళికూతుర్ని పటంలో సూసి సేసుకుంతామేటి?” అంది పిన్ని. “మనవే ఎల్దాం. ఒరే సింహాచలం, నీకు ఇంగ్లీసు వచ్చు గదా.”

వచ్చు. మా డబ్బాల మీద ఇంగ్లీషు రాసేది నేనే. అందులో తప్పుందని ఇంతవరకూ ఒక్కరూ అనలేదు. చదివినవాళ్ళు లేకపోవడం కూడా కారణం కావచ్చు.

పలాసలో రైలెక్కి కలకత్తా, కలకత్తాలో విమానమెక్కి బ్యాంకాక్, అక్కడ ఇంకో విమానం మారి సైగాన్. పిన్ని సామానులో అటుకులు, ఆవకాయ, రావివలస మల్లికార్జునుడి విభూతి, చీరకొంగున రెండు గుప్పెళ్ళ ఉద్దానం పిక్కలు. విమానం గుమ్మంలో ఒక అమ్మాయి చేతులు జోడించి, నోరారా నవ్వి స్వాగతం చెప్పింది. పిన్ని అక్కడే ఆగిపోయింది.

“బాగున్నావా అమ్మా? మీదే ఊరు? అమ్మానాన్నా ఉన్నారా?”

వెనక క్యూ కలకత్తా ఊళ్ళోదాకా పెరిగిపోయింది. నేను చెయ్యి పట్టుకుని లాగితే నన్నే కసిరింది. “అంతలాగ నవ్వి పలకరించింది, పేరైనా అడక్కుండా ఎలిపోతే ఏటనుకుంతాది?” దిగేటప్పుడు అదే అమ్మాయి అదే నవ్వు నవ్వి, పిన్నిని మాత్రం ఆనవాలు పట్టలేదు. సైగాన్‌లో బసకి చేరేదాకా పిన్ని ఆ అమ్మాయికి ఏం కష్టమొచ్చిందో అని బెంగపెట్టుకుంది. ఆ నవ్వు ఉద్యోగంలో భాగం పిన్నీ అంటే, “నవ్వుకి జీతమేట్రా” అంది.

డీలరు రెండు చిరునామాలిచ్చాడు. మొదటిది పెద్ద కంపెనీ. అద్దాల గది, చల్లగాలి, మెడకి టై. వాళ్ళ మిషన్ ఆటోమేటిక్. ఒక చివర పిక్కలు పోస్తే ఇంకో చివర పప్పు రాలుతుంది. ఇద్దరు మనుషులు చాలు. మా చిన్న పిక్కకి కావాలంటే దాన్ని సరిచేసి ఇస్తామన్నారు. పిన్ని ఎంతో మెచ్చుకుని, బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయింది. “ఇద్దరు సాల్తే మిగతావోళ్ళకి నానేటి సెప్పాలి?” అంది. అదీ ఆమె చిక్కు. మనుషులు పోకుండా ఉండడానికి మిషన్ కొనాలని వచ్చింది, ఈ మిషన్ కొంటే మనుషుల్నే పంపెయ్యాలి.

రెండో చిరునామా ఊరి చివర రేకుల షెడ్డు. గుమ్మంలో నా వయసు మనిషి, చేతులకి గ్రీజు, గబగబా గుడ్డతో తుడుచుకుని తలవంచి “హాయ్” అన్నాడు. నేనూ “హాయ్” అన్నాను. అతను తన గుండె మీద చెయ్యి వేసుకుని మళ్ళీ “హాయ్” అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అనుకుని నేనూ గుండె మీద చెయ్యి వేసుకుని ఇంకోసారి “హాయ్” అన్నాను. ఇలా చాలాసేపు నడిచాక గోడమీద బోర్డు చూపించాడు. అతని పేరే హాయ్.

అతనికి ఇంగ్లీషు నాకంటే తక్కువ వచ్చు, అంటే ఎంత తక్కువో ఊహించుకోండి. వస్తూనే పిన్ని వయసు అడిగాడు. నేను అదిరిపడ్డాను, పిన్ని మాత్రం సంతోషించింది. వయసు తెలిశాక అతను పిన్నిని ‘చీ’ అనడం మొదలుపెట్టాడు. ఎవర్రా ఛీ అంటన్నాడు అని పిన్ని ముందు ముఖం ముడుచుకుంది గానీ, అక్క అని అర్థమట. అక్కడ కూడా మనలాగే వయసు చూసుకుని అక్కా, అన్నా, చెల్లీ అని వరస కలిపితేగానీ మాట మొదలవదు. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు.

“పెసాదం ఇచ్చినట్టు ఇత్తన్నాడు సూడు” అని పిన్ని మురిసిపోయింది. అక్కడిదాకా బ్రహ్మాండంగా ఉంది.

అతని మిషన్ పెడల్ కట్టర్. ఒక మనిషికి ఒక మిషన్. పిన్ని కళ్ళు మెరిశాయి. ఇక నాచేత ప్రశ్నలు అడిగించడం మొదలుపెట్టింది.

“మన పిక్క సిన్నది, పప్పు ఇరగకుండా కోత్తదేటో అడుగు.”

అడిగాను. అతను పిన్ని వైపు తిరిగి తలవంచి, “యా” అన్నాడు.

“అవునంటన్నాడు పిన్నీ.”

“మనోళ్ళు ఎప్పుడూ కిందనే కూకున్నోళ్ళు. కుర్సీ ఎత్తులో పెడల్ ఉంటే కాళ్ళు పీకవేటి? దానికేటైనా సేత్తాడేటి?”

“యా” అన్నాడు.

“వచ్చే సీజన్‌కి అందుతాయేటి?”

“యా.”

“పాడైతే మా ఊరొచ్చి బాగుసేత్తాడేటి?”

“యా, యా.”

పిన్ని ముఖంలో మెరుపు ఒక్కొక్క ‘యా’కీ కొంచెం కొంచెం ఆరిపోయింది. నావైపు వంగి చిన్నగా అంది. “ఒరే, ఈడు దేనికీ కాదనట్నేదు. ఇది దోసెలేత్తదేటో అడుగు.”

“పిన్నీ!”

“అడగరా.”

అడిగాను. దిస్ మిషన్, దోసె, మేక్? హాయ్ గారు కనుబొమలు ముడిచాడు. మిషన్‌ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. ఆ తర్వాత ఎంతో భక్తిగా తలవంచి, “యా” అన్నాడు.

పిన్ని లేచింది. చీరకొంగున ఉన్న పిక్కలు అతని చేతిలో పోసి, నవ్వుతూ దండం పెట్టి అంది. “మళ్ళీ వత్తాం బాబూ.”

నేను అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులోకి మార్చాను. వుయ్ విల్ కమ్ ఎగైన్. మర్యాదకి మేం దిగిన గెస్ట్‌హౌస్ కార్డు కూడా ఇచ్చాను.

తెలుగువాళ్ళకి ఈ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. మా ఫ్యాక్టరీ ముందు చిల్లర అమ్మే కౌంటర్ ఉంది. అక్కడ పప్పు నోట్లో వేసుకుని, నమిలి, తల ఊపి, ‘మళ్ళీ వస్తాం’ అన్నవాళ్ళందరూ నిజంగా మళ్ళీ వస్తే పలాస స్టేషన్‌లో రైళ్ళు ఆగడానికి చోటుండేది కాదు. అంటే వద్దు అని. వద్దు అన్న మాట మనిషి ముఖం మీద అనకుండా, ఆ మనిషి మనసు నొప్పించకుండా బయటపడే దారి. అన్నవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు, ఇద్దరూ నవ్వుకుని విడిపోతారు.

హాయ్ గారికి తెలియదు.

రెండు రోజులు పోయాక, బరువైన మనసుతో ఆ పెద్ద కంపెనీకే బయల్దేరుతున్నాం. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో కౌంటర్ దగ్గర లాన్ అని ఒక అమ్మాయి ఉండేది, ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతుంది. ఆ అమ్మాయి మమ్మల్ని ఆపింది.

“హాయ్ గారు ఫోన్ చేశారు. నిన్న కూడా చేశారు. మీరు మళ్ళీ ఎప్పుడొస్తారని. మీకోసం ఆ మిషన్ పక్కన పెట్టి, కొనడానికొచ్చిన ఇంకొకర్ని పంపేశారట. వాళ్ళావిడ రెండు రోజుల్నుంచీ మీ ఇద్దరికీ కూడా వండుతోందట.”

నేను పిన్నికి చెప్పాను. పిన్ని చేతిసంచీ కింద పెట్టేసింది.

“ఓలమ్మో! నాను వత్తాననీసి ఎల్నేదనుకుంతన్నాడేటి?”

“నువ్వు వస్తానన్నావు కదా పిన్నీ.”

“వత్తానంటే వత్తాననేటి?” అని నామీద ఎగిరింది. “నువ్వేటి సెప్పినావు ఇంగ్లీసులో?”

“వస్తామని.”

“సచ్చినోడా, అదెందుకు సెప్పినావు!”

లాన్‌కి ఏమీ అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను. మా ఊళ్ళో మళ్ళీ వస్తాం అంటే రాము అని అర్థం. ఆ అమ్మాయి నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, “మరి నిజంగా రావాలనుకుంటే ఏమంటారు?” అంది. కాస్త ఆలోచించి, “ఏమీ అనం, వచ్చేస్తాం” అన్నాను.

“నచ్చలేదా ఆ మిషన్?”

“మిషన్ నచ్చింది. మనిషే అబద్ధాలకోరు. అన్నిటికీ ‘యా’ అంటాడు.”

లాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపలేదు. మా సైగాన్ వైపు ‘యా’ అంటే మీ ఇంగ్లీషు ‘యా’ కాదు అంది. పెద్దవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు వింటున్నానండీ, చెప్పండీ అని మర్యాదగా పలకడమట. మాట అందిందని మాత్రమే. ఒప్పుకున్నట్టు కాదు.

నాకు ఒక్కసారిగా వెలిగింది. ఊఁ కొట్టడం! కథకి ఊఁ కొట్టినంతమాత్రాన అది నిజమని ఒప్పుకున్నట్టా? నా కథలకి కాశీబుగ్గ అంతా ఊఁ కొడుతుంది, ఒక్కడైనా నమ్మాడా? పిన్నికి అదే చెప్పాను.

“అయితే పాపం ఆడు ఊఁ కొట్టినాడేటి?”

“ఇంకో సంగతి” అంది లాన్ కళ్ళు తుడుచుకుంటూ. “దోసె అంటే ఏ భాగం అని అడుగుతున్నారు. మీకు అది తప్పకుండా కావాలేమోనని ఊళ్ళో మెకానిక్‌లందర్నీ వాకబు చేస్తున్నారట.”

పిన్ని నవ్వలేదు. ఆమెకి ఒకటే మాట పట్టుకుంది. ‘నామాట నమ్మి ఒక మనిషి బేరం పోగొట్టుకున్నాడు.’ ఆటో లాంటి బండి ఒకటి మాట్లాడి, లాన్‌ని బతిమాలి వెంటబెట్టుకుని బయల్దేరాం. ఇప్పుడు వెళ్ళి ఏమని చెప్పాలి? ‘యా’ అంటే అవును కాదని తేలాక, ఆ ఎత్తు పెడల్‌తో, ఆ పెద్ద బ్లేడుతో మిషన్ మాకు పనికిరానట్టే. అంటే ముఖం మీదే ‘వద్దు’ అనాలి. పిన్ని జన్మలో ఆ పని చెయ్యలేదు. దారిలో నేను నేర్పించాను.

“వద్దు అను పిన్నీ.”

“వద్దనుకుంతన్నాం గానీ సూద్దాం.”

“సూద్దాం తీసెయ్.”

“వద్దు బాబూ, ఏటీ అనుకోకు, ఇంటికాడ కనుక్కుని సెప్తాం.”

“ఇంటికాడ కూడా తీసెయ్.”

“అన్నీ తీసేత్తే మరి నోట్లో ఏటుంతాదిరా, రాయి?”

హాయ్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలోనే ఉన్నాడు. మిషన్‌కి కొత్తగా రంగు వేశాడు. వాళ్ళావిడ లోపల అన్నం గిన్నెలు సర్దుతోంది. పిన్ని అతని రెండు చేతులూ పట్టుకుని, లాన్‌ని పక్కన నిలబెట్టుకుని ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

“తమ్ముడూ, ఈ మిసను మాకొద్దు. నువ్వు మంచోడివే. మా పిక్క సిన్నది, మా ఆడోళ్ళు నేలమీద కూకున్నోళ్ళు, ఇది ఆళ్ళకి సరిపోదు. అందుకొద్దు. ఇంకోటి. నువ్వూ నాకు ‘యా’ అనకు. అవుతాదంటే అవుతాదను, కాదంటే కాదను. తప్పేటీ నేదు.”

లాన్ అతని భాషలో చెప్పింది. అతని ముఖం పాలిపోయింది. పెద్దవాళ్ళ ముందు కాదనడం ఆయనకి చాలా కష్టం అని లాన్ నాతో గొణిగింది. పిన్ని వదల్లేదు. మొదటి ప్రశ్నే మళ్ళీ అడిగించింది. మా చిన్న పిక్కని విరగకుండా కోస్తుందా?

హాయ్ గారు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చన్నీళ్ళలో దూకేవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు. “ఖోమ్” అన్నాడు. లేదు అని.

లోపలికెళ్ళి, పిన్ని ఇచ్చిన పిక్కల్లో సగం మొన్ననే కోసి చూశాడట, ఆ ముక్కలు తెచ్చాడు. రెండు చేతులతో పట్టుకుని పిన్నికి ఇచ్చాడు. నేను చూశాను. ఒక్క పప్పు మిగల్లేదు, అన్నీ నూకే. నిన్నంతా కూర్చుని బ్లేడు వంపు తగ్గిస్తే కుదురుతుందేమో చూశానని, ఒక్కటి మాత్రం బాగా వచ్చిందని, జేబులోంచి ఒకే ఒక్క నిండు పప్పు తీసి పక్కన పెట్టాడు. త్రీ ట్వంటీ. మచ్చలేదు, గీతలేదు. నేను వృత్తిరీత్యా చెప్తున్నాను, పప్పుని చూసి నాకు కన్నీళ్ళొచ్చింది ఆ ఒక్కసారే.

“పెడల్ ఎత్తు?” అని అడిగించింది పిన్ని.

“ఖోమ్.” ఇప్పుడు కొంచెం సులువుగా వచ్చింది. అలా నేలమీద కూర్చునే వాళ్ళుంటారని నాకు తెలియదు, ఎంత ఎత్తు కావాలో చూపిస్తే మిషన్ కాళ్ళు కోసేస్తాను అన్నాడు.

“వచ్చే సీజన్‌కి?”

“ఖోమ్. ఆలస్యం అవుతుంది.” ఆ తర్వాత పరుగులాగా, “కొన్ని ముందు పంపుతాను, మిగతావి తర్వాత.”

“దోసెలు?” అన్నాను నేను ఆగలేక.

“ఖోమ్!” అని అతను అరిచాడు. వాళ్ళావిడ గిన్నె వదిలేసి బయటికొచ్చింది.

పిన్ని ముఖం అప్పుడు చూడాలి. జీవితంలో అన్ని ‘లేదు’లు విని అంత సంతోషించిన కొనుగోలుదారు ఇంకొకరుండరు. “ఈడు మనోడురా” అంది. “కానిది కాదని సెప్పినాడు. అయినది అవుతాదంటే ఇంక నమ్మొచ్చు.” అన్నం తిన్నాం. ఆ మధ్యాహ్నం పిన్ని ఆ షెడ్డులో ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, ఎర్రమ్మ మోకాలు ఇంతెత్తు, మడమ ఇక్కడికి అని చూపిస్తూ ఉంటే, హాయ్ గారు సుద్దముక్కతో గీతలు గీసి హేక్‌సాతో మిషన్ కాళ్ళు కోశాడు. మేం బయల్దేరే రోజుకి, మూడోసారి వంపు మార్చిన బ్లేడు కుదిరింది, మనిషికొకటి చొప్పున మిషన్లు చెప్పేసి వచ్చాం.

మిషన్లు కాశీబుగ్గ చేరేసరికి సీజన్ మొదలైపోయింది. హాయ్ గారు చెప్పినట్టే కొన్నే వచ్చాయి. మిషన్లొస్తున్నాయని విని ఎర్రమ్మ వేరే ఫ్యాక్టరీకి వెళ్ళలేదు. మొదటి మిషన్ ముందు చిన్న పీట వేసి ఆమెనే కూర్చోబెట్టారు. మిగతావాళ్ళందరూ చుట్టూ నిలబడ్డారు. పెడల్ తొక్కింది. పిక్క చీలింది. పప్పు నిండుగా పళ్ళెంలో పడింది. చేతికి జీడి అంటలేదు, బూడిద రాయలేదు.

“ఎలాగుంది ఎర్రమ్మా?” అంది పిన్ని.

“బాగుందమ్మా” అంది ఎర్రమ్మ, తలవంచుకుని.

సైగాన్ వెళ్ళకముందైతే పిన్ని అక్కడితో కొబ్బరికాయ కొట్టి, మిఠాయి పంచేసి ఇంటికెళ్ళిపోయేది. ఆరోజు పీట ఒకటి లాక్కుని ఎర్రమ్మ ఎదురుగా కూర్చుంది.

“మర్యాదకి సెప్పకు. ఏటి బాగోనేదో అది సెప్పు. నువ్వు సెప్తే బాగుసేసేవోడు ఒకడున్నాడు. సెప్పకపోతే ఆడికీ తెల్దు, నాకూ తెల్దు.”

ఆడవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఎర్రమ్మ పెడల్ మీద కాలు ఒకసారి ఆడించి, మెల్లిగా అంది.

“కొంచెం బిరుసుగుందమ్మా. సందేళకి తొడ పట్టేత్తాది.”

“ఊఁ.”

“పళ్ళెం దూరంగుంది. వంగితే నడుం లాగతంది.”

“ఊఁ, ఇంకా?”

అంతే, గట్టు తెగినట్టయింది. వెనకనుంచి ఒకామె పీట జారుతోందంది. ఇంకొకామె ఎడంకాలి వాటం వాళ్ళ గతేమిటంది. గాలి రాదని ఒకరు, వెలుతురు చాలదని ఒకరు, మిషన్ సంగతి సరే, నీళ్ళ కుండ ఎండలో పెడతారెందుకని ఇంకొకరు, గ్రేడింగ్ మాస్టర్ పని మానేసి ఊరికే కబుర్లు చెప్తాడని మరొకరు. ఇన్నేళ్ళూ ‘బాగుందమ్మా’ అన్న మాట కింద ఇంత సరుకు ఉందని నాకు తెలియదు.

నేను గ్రేడింగ్ నేర్చుకున్నది పిన్ని దగ్గరే. పైకి ఒకలా కనపడే పప్పుని చేత్తో పట్టుకుని తిప్పి చూడాలని ఆమే నేర్పింది. మర్యాద మాటకి కూడా అదే పని చెయ్యాలని మా ఇద్దరికీ నేర్పడానికి సైగాన్ కావలసి వచ్చింది. ఆ మధ్యాహ్నం పిన్ని పీట మీదనుంచి లేవలేదు. అందరి మధ్యా కూర్చుని, ఒక్కొక్క ఫిర్యాదుకీ తల ఊపుతూ, నవ్వుతూ, ఇంకా ఇంకా అని అడిగి మరీ తిట్లు తింది.